పురుగు మందు మానేసినోళ్ళం, తుపాకీ మందు పట్టుకుందామా?



పైన వీడియోలో మీరు చూసింది లంకమల కొండల కింద మా శనక్కాయ చేను. మొదటి రెండు నిమిషాలు నేనేమీ మాట్లాడలేదు, గమనించే ఉంటారు. మాట రాలేదు. ఊడలు దిగి కాయ ముదురుతున్న చేనును ఒక్క రాత్రిలో అడవి పందులు దున్నేసి పోయినాయి. వంక పక్కనున్న రెండు కయ్యల్లో ఏరుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

ఆ పొద్దు మధ్యాహ్నం మా అక్క కొడుకు వచ్చినాడు. డిగ్రీ అయిపోయి ఊర్లోనే ఉన్నాడు. నాతో పాటు జీవామృతం కలుపుతాడు, మంచి పనిమంతుడు. గెనెం మీద కూర్చొని ఫోను నా చేతికిచ్చినాడు.

“మామా, ఇది చూడు. ఎంత పెద్ద పందైనా ఒక్క దెబ్బకే పడిపోతాంది.”

అమెరికాలో ఎవరో పెట్టిన వీడియో అది. పెద్ద జంతువుల వేటకు వాడే .375 రైఫిల్. ఆ మనిషి తూటాలు కొనడం లేదు, ఇంట్లో బల్ల ముందు కూర్చొని సొంతంగా తయారు చేసుకుంటున్నాడు.

“తూటాలు వాడే చేసుకుంటాండాడు మామా. ఆళ్ళగడ్డ పక్క నాటు తుపాకీ ఇస్తారంట. మందు మనమే కూరుకుందాం. పొలీసోళ్ళకు ఎవరు చెప్తారు?”

నేను వెంటనే తిట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ పొద్దు నాకూ అట్లే అనిపించింది. మీలో చానా మందికి ఎప్పుడో ఒకప్పుడు అనిపించే ఉంటుంది. అందుకే దీని గురించి పూర్తిగా మాట్లాడదామని ఇది రాస్తున్నా.

ఆ వీడియోలో మనం చూడనిది

వాడి ఫోనులో ఆ వీడియో మొత్తం చూసినా. మా వాడికి పేలిన చప్పుడు, పడిన జంతువు మాత్రమే కనిపించినాయి. నాకు ఆ బల్ల మీద పని కనిపించింది.

.375 హాలండ్ అండ్ హాలండ్ అనేది 1912లో ఇంగ్లండులో వచ్చిన తూటా. ఆఫ్రికాలో చానా దేశాల్లో ఏనుగు, అడవి దున్న లాంటి వాటి వేటకు ఇంతకంటే చిన్న తూటా వాడనీయరు. గుండు బరువు మామూలుగా 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైచిలుకు. సెకనుకు 750 మీటర్ల పైనే వేగంతో పోతుంది.

ఇట్లాంటి తూటాను చేత్తో నింపే మనిషి ఏం చేస్తాడో చూడండి. కాల్చేసిన ఇత్తడి గొట్టాన్ని శుభ్రం చేసి, పగులు ఉందేమో వెలుగులో పెట్టి చూస్తాడు. దాన్ని అచ్చులో పెట్టి మళ్ళీ కొలతకు తెస్తాడు. పొడవు ఎక్కువుంటే కోస్తాడు. అడుగున కొత్త ప్రైమర్ పెడతాడు. తర్వాత మందు తూస్తాడు. ఎంత ఖచ్చితంగా అంటే, గ్రెయిన్లో పదో వంతు. మన కంసాలి త్రాసులో గురిగింజను ఇరవై భాగాలు చేస్తే అందులో దాదాపు ఒక భాగం. ఏ మందు, ఏ గుండు, ఎంత అనేది కంపెనీ అచ్చేసిన పుస్తకంలో ఉన్నదే వాడతాడు. కింది కొలతతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతాడు. పేలిన ప్రతి గొట్టాన్నీ చూసి, ఒత్తిడి ఎక్కువైన గుర్తులు కనిపిస్తే అక్కడే ఆపేస్తాడు. అన్నీ నోటుబుక్కులో రాసుకుంటాడు.

అదంతా అయినాక మట్టి కట్టకు ఎదురుగా కూర్చొని కాగితం మీద గురి చూసుకుంటాడు. ఆ రైఫిల్ భుజాన్ని తన్నే తన్నుకు అలవాటు పడడానికే ఎన్నో రోజులు పడుతుంది. భయంతో కన్ను మూసి ట్రిగ్గర్ లాగితే గురి తప్పుతుంది. ఇన్ని చేసినాకే వాడు జంతువు ముందు నిలబడతాడు. చానా చోట్ల లైసెన్సు, సీజను, అనుమతి కూడా ఉండాల్సిందే.

మా వాడు అన్న “మందు మనమే కూరుకుందాం” అనే మాటకూ దీనికీ పోలికే లేదు. అమెరికా ఆయన చేసేది కొలత. మన దగ్గర నాటు తుపాకీలో జరిగేది అందాజ.

మా పెదనాయన చెయ్యి

ఈ అందాజ సంగతి నాకు ఇంట్లోనే తెలుసు. మా పెదనాయనకు చేని కాపలా కోసం లైసెన్సు ఉన్న మూతి తుపాకీ ఉండేది. గొట్టం మూతిలో నుంచి మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, సీసపు రవ్వలు వేసి, మళ్ళీ పీచు కుక్కి, ఇనుప కడ్డీతో దట్టించేవాడు. మందు కొలతకు ఒక వెదురు గొట్టం. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన ఆ పొడి వానాకాలంలో చెమ్మ పట్టేది. ఎండబెడితే మళ్ళీ చురుకయ్యేది. ఒక రోజు ఉన్న బలం ఇంకో రోజు ఉండదు.

నేను చిన్నపిల్లోణ్ణి అప్పుడు. ఒక రాత్రి క్యాపు పేలింది గానీ తుపాకీ పేలలేదు. మందు చెమ్మగా ఉందనుకొని దాని మీదే ఇంకో కొలత పోసి దట్టించినాడు. రెండోసారి గొట్టమే చీలిపోయింది. ఎడమ చేతికి రెండు వేళ్ళు పోయినాయి. పంది పోలేదు. ఆ తర్వాత ఆయన ముప్పై ఏళ్ళు బతికినాడు, కానీ ఎప్పుడూ మడక మేడి గట్టిగా పట్టుకోలేకపోయినాడు. సేద్యగాడికి అంతకంటే ఏం కావాల నష్టం?

1959 చట్టం మన చేతికిచ్చిన ఆయుధం

ఇందులో చట్టం తప్పు కూడా ఉందని నా అభిప్రాయం. 1959 ఆయుధాల చట్టంలో సెక్షన్ 13 చూడండి. పంట కాపాడుకోవడానికి నిజంగా అవసరమైతే మూతి తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని అందులో ఉంది. అది చాలదని అధికారికి అనిపిస్తే నున్నటి గొట్టం ఉన్న వేరే తుపాకీకి ఇవ్వొచ్చు. అంటే, ఊర్లోకెల్లా మొండి జంతువు ఎదురుగా నిలబడే రైతుకు చట్టం రాసిపెట్టింది తుపాకుల్లోకెల్లా బలహీనమైనది, పట్టుకున్నవాడికే ప్రమాదమైనది.

బాగా ముదిరిన మగ పందికి భుజం మీద డాలు మాదిరి గట్టి పొర ఉంటుంది. మగవి కొట్లాడుకునేటప్పుడు కోరల దెబ్బలు తట్టుకోవడానికి అది. నాటు తుపాకీ రవ్వలు ఆ పొరలో ఇరుక్కుంటాయి. పంది చావదు, గాయంతో పారిపోతుంది. నాలుగు రోజులు కంపల్లో పడుండి, కట్టెలకు పోయిన ఆడమనిషి మీదికో, గొర్రెల కాపరి మీదికో తిరగబడుతుంది.

గాయపడిన జంతువు ఎంత పని చేస్తుందో చెప్పడానికి పాత లెక్క ఒకటుంది. 1907లో జిమ్ కార్బెట్ కుమావోన్‌లో చంపిన చంపావత్ పులి నోట్లో కుడి పక్క కోర పళ్ళు విరిగిపోయి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కాల్చిన గుండు దెబ్బ అది. అడవిలో మామూలుగా వేటాడలేక అది మనుషుల మీద పడిందని ఆయనే రాసినాడు. వందల మంది ప్రాణాలు పోయినాయి. సరిగ్గా తగలని ఒక్క గుండు ఖరీదు అది.

మన నల్లమలకు కూడా అట్లాంటి కథ ఉంది. బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ .405 వించెస్టర్ రైఫిలు పట్టుకొని నంద్యాల, గిద్దలూరు మధ్య రైలుదారి పక్క గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట అడవుల్లో మనుషుల్ని తినే పులి వెంట తిరిగిన కథ రాసినాడు. .405 కూడా 300 గ్రెయిన్ల గుండు వేసే బలమైన రైఫిలే. అంత ఆయుధం, అంత అనుభవం ఉన్నవాళ్ళు కూడా గాయపడిన జంతువును వదిలిపెట్టకుండా వెంట పోయి ముగించడమే వేటగాడి మొదటి బాధ్యత అన్నారు. రాత్రి మంచె మీద నుంచి చీకట్లోకి కాల్చి పొద్దున్నే పాలు పిండుకోవడానికి పోయే మనం ఆ బాధ్యత మోయగలమా?

“అయితే పెద్ద రైఫిలే తెచ్చుకుందాం” అంటారేమో. రైఫిలు గుండు పందిని దాటిపోతే మూడు కిలోమీటర్ల పైన కూడా పోగలదు. కర్నూలు పక్క నల్లరేగడి నేలలు పలక మాదిరి చదును. అడ్డం ఏముంది? అవతల మంచె మీద పండుకున్నోడు, వంకలో మంద తోలుకొని ఆగిన గొర్రెలోడు. కొండ వెనక ఉంటేనే, కింది వైపుకే కాల్చాల. ఆ లెక్క నేర్చుకోనోడి చేతిలో .375 అయినా ఒకటే, నాటు తుపాకీ అయినా ఒకటే.

ఇంక నాటు తుపాకీ తయారు చేయడం, లైసెన్సు లేకుండా తూటాలు నింపడం సంగతి. 2019 సవరణ తర్వాత దీనికి కనీస శిక్ష 7 ఏళ్ళు, పైకి యావజ్జీవం దాకా ఉంది. రెండు కయ్యల శనక్కాయ కోసం పిల్లోడి జీవితం పోగొట్టుకుందామా?

మందు అంటే మందే

మాంసంలోనో పండులోనో నాటు బాంబు పెట్టేవాళ్ళు ఉన్నారు. పంది కొరికితే దవడ ఎగిరిపోతుంది. అదే బాంబును మన ఆవు కొరికినా అంతే. చేను చుట్టూ కరెంటు తీగ లాగి, తెల్లవారి తీయడం మర్చిపోయి సొంత కొడుకునే పోగొట్టుకున్నవాళ్ళు మన జిల్లాల్లో ఉన్నారు. సోలార్ ఫెన్సింగ్ వేరు, అది ఆగి ఆగి చిన్న దెబ్బ కొడుతుంది, ప్రాణం తీయదు. లైను నుంచి కొక్కెం వేసి లాగిన తీగ మాత్రం ఉరితాడే.

ఇంకొకటి, మన ప్రకృతి సేద్యం వాళ్ళు ప్రత్యేకంగా ఆలోచించాల్సింది. సీసం విషం. మట్టిలో పడితే కుళ్ళిపోదు, కరిగిపోదు. రవ్వలు తగిలిన మాంసం తింటే ఒంట్లోకి వస్తుంది. పిల్లల మెదడుకు మరీ చేటు. కాల్చిన జంతువుల్లో మిగిలిన సీసం తిని రాబందులు చస్తున్నాయని కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసపు తూటాలే నిషేధించినారు. చీమలకు, వానపాములకు చేటు అని పురుగు మందు మానేసిన మనం, అదే నేలలో ఏడాదికి ఇంత సీసం చల్లితే మన మాటకు విలువేముంది?

పంది మన చేనికే ఎందుకు వస్తుంది?

ఇది మనలో మనం ఒప్పుకోవాల్సిన మాట. పక్క చేనులో యూరియా, గుళికలు వేసిన రైతుకు జరిగిన నష్టం తక్కువ. నాకు ఎక్కువ. ఎందుకంటే ఘనజీవామృతం, ఆకు దుప్పటి వేసిన నేలలో వానపాములు, వేరు పురుగులు ఉంటాయి. పంది ముక్కుకు ఆ వాసన దూరం నుంచే తెలుస్తుంది. అది శనక్కాయ కోసం ఎంత వస్తుందో వానపాముల కోసం అంత వస్తుంది. పైగా 365 రోజులూ నేల పచ్చగా ఉండాలని నవధాన్యాలు వేస్తాం. ఎండాకాలంలో చుట్టూ బీడుంటే మనది ఒక్కటే పచ్చగా కనిపిస్తుంది.

కాబట్టి నేల బాగుచేసిన రైతుకు కాపలా భారం ఎక్కువ. ఈ మాట శిక్షణల్లో ఎవరూ చెప్పరు. చెప్పాల.

నేను చేసింది ఇది. శనక్కాయ చుట్టూ నాలుగు సాళ్ళు ఆముదం దగ్గర దగ్గరగా వేసినా. ఆ వాసన, ఆ రుచి పందికి పడదు. రబీలో శనగ వేస్తే చుట్టూ కుసుమ వేస్తా, ఆ ముళ్ళలోకి అది ముక్కు పెట్టదు. వంకలో సర్కారు తుమ్మ కంపలు కొట్టించినా, పగలు పందులు పండుకునేది అక్కడే. పక్క చేన్ల వాళ్ళు ముగ్గురం వంతులు వేసుకొని కాపలా ఉంటాం, రెండు కుక్కలు పెట్టుకున్నాం.

మరి పంట ఎట్లా పోయింది అంటారు కదా? వీడియోలో 5వ నిమిషం దగ్గర చూడండి. వంక పక్క ఆముదం మొలవలేదు. విత్తినాక వాన వెనకబడింది, నేను మళ్ళీ విత్తలేదు. బద్ధకం అనుకోండి, పని ఎక్కువై అనుకోండి. సరిగ్గా ఆ సందులో నుంచే లోపలికి వచ్చినాయి. మిగతా మూడు పక్కల ఒక్క అడుగు కూడా లేదు. ఈ పద్ధతి పూర్తిగా ఆపుతుందని నేను చెప్పను. మనం వదిలిన సందు మాత్రం పందికి మనకంటే ముందే తెలుస్తుంది.

మరి కాల్చనే వద్దా?

నేను ఆ మాట అనడం లేదు. అహింస గురించి ఉపన్యాసం చెప్పడానికి రాలేదు. కొన్ని ఊర్లలో పందులు ఎంత ఎక్కువయినాయంటే ఆముదం సాళ్ళతో ఆగే దశ దాటిపోయింది. ఆడపంది ఒక ఈతకు నాలుగైదు పిల్లలు పెడుతుంది. అక్కడ కాల్చాల్సిందే. కానీ ఎవరు, దేంతో, ఎవరి బాధ్యత మీద అన్నదే ప్రశ్న.

1972 వన్యప్రాణి చట్టంలో దారి ఉంది. 2022 సవరణ తర్వాత అడవి పంది 2వ షెడ్యూల్లో ఉంది. మనిషి ప్రాణానికైనా, నిలబడిన పంటకైనా అపాయమైతే కారణం రాసి కాల్చడానికి అనుమతి ఇచ్చే అధికారం సెక్షన్ 11 కింద అటవీ శాఖ పెద్దలకు, వాళ్ళు అధికారమిచ్చిన వాళ్ళకు ఉంది. కేరళలో 2022లో ఆ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా తెచ్చినారు, లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళతో కాల్పించే ఏర్పాటు చేసినారు. రోళ్ళపాడు చుట్టుపక్కల రైతులకు ఒక మాట. మీ బాధ కృష్ణ జింకతో. అది 1వ షెడ్యూలు జంతువు, దానికి ఈ దారి పనికిరాదు. మీకు కంచె, నష్టపరిహారమే దారి.

నేను అడిగేది ఇది. అనుమతి వచ్చినాక పని రైతు నెత్తిన వేయొద్దు. గురి నేర్చినవాడు, పందికి సరిపోయే బలమైన రైఫిలు, ఫ్యాక్టరీలో చేసిన నమ్మకమైన తూటా, వెనక కొండో కట్టో ఉన్న చోటు, గాయపడితే వెంట పోయి ముగించే బాధ్యత. ఇవన్నీ ఉన్న మనిషిని ప్రభుత్వమే పంపాల. చంపక తప్పనప్పుడు ఒక్క దెబ్బతో చంపడమే ధర్మం. ఉచ్చులో మూడు రోజులు, దవడ పోయి వారం రోజులు పెట్టి చంపడం కంటే ఒక మంచి రైఫిలు దయగలది. ఈ మాట కొందరికి నచ్చదు, తెలుసు.

అయినా కాల్పులే మందు అనుకోవద్దు. ఫ్రాన్సులో వేట ఎక్కువగా జరిగే అడవుల్లో ఆడపందులు ఏడాది తిరక్కుండానే ఈనడానికి వస్తున్నాయని గమనించినారు. కొన్నింటిని కొడితే మిగిలినవి తొందరగా పెరిగి ఆ లోటు పూడుస్తాయి. కంచె లేకుండా కాల్పులు జరిపితే మళ్ళీ మళ్ళీ కాలుస్తూనే ఉండాల. పురుగు మందు కథ కూడా ఇదే కదా.

నష్టం జరిగిన మర్నాడు ఒక ఆఫీసుకు ఫోటోలతో పోయినా. ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ ముందు ఆఫీసు కాగితం తెమ్మన్నారు. మా వాడు నాటు తుపాకీ ఎందుకు అడుగుతున్నాడో అప్పుడు నాకు బాగా అర్థమైంది. దారి ఉన్నా తలుపు మూసేస్తే పిల్లోళ్ళు గోడ దూకుతారు. అందుకని ఒంటరిగా పోవద్దు. పది మంది రైతులు సంతకాలు పెట్టి, సర్వే నంబర్లు, తేదీలు, ఫోటోలు కలిపి ఒకే అర్జీ ఇవ్వండి. అందుకున్నట్టు రసీదు తీసుకోండి. గ్రామ సభలో తీర్మానం చేయించండి. మేం ఈ వారం అదే పని మొదలుపెట్టినాం.

మా వాడికి పెదనాయన చెయ్యి సంగతి చెప్పినా. వాడు ఆయన్ను ముసలితనంలోనే చూసినాడు. ఆ వేళ్ళు పుట్టుకతోనే లేవనుకున్నాడంట. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి, “ఆముదం ఇత్తనాలు యాడున్నాయి మామా?” అని అడిగినాడు. ఇప్పుడు విత్తితే ఈ పంటకు పనికిరాదు అన్నా. “వచ్చే పంటకు పనికొస్తాయిలే, సందు ఎంతుందో కొలిచి పెడతా” అన్నాడు. వీడియో చివర్లో అడుగులు వేసుకుంటూ వంక పక్క నడుస్తున్నది వాడే.

మీ ఊర్లో పందులకు ఏం చేస్తున్నారు, ఏది పనిచేసింది, ఏది చేయలేదు, కింద రాయండి. పనిచేయనిది కూడా దాచకుండా రాయండి. దాంతోనే ఇంకొకరి చేను మిగులుతుంది.